నూటికి నూరు వెనక

పదో తరగతి పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికలో ఊరి బడులన్నిటి పట్టిక పడుతుంది. మనలో చాలామంది చేసే పనే ఒక తండ్రీ చేశాడు. పట్టిక మీద స్కేలు నిలువుగా ఆనించి, నూటికి ఎందరు పాసయ్యారో చెప్పే చివరి గడులు మాత్రమే చూసుకుంటూ పోయాడు. కూతురు చదివే పక్కవీధి బడికి డెబ్బై ఒకటి. బస్సెక్కి వెళ్లాల్సిన పెద్ద బడికి నూటికి నూరు.

"బడి మార్చేద్దాం" అన్నాడు భార్యతో.

"దూరపు కొండలు నునుపండీ. పిల్లకి ఇక్కడి టీచర్లంటే ప్రాణం. దాన్నో మాట అడగరాదూ?"

"దానికేం తెలుసు? అంకెలు అబద్ధమాడవు."

అతను పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో తనిఖీ మేస్త్రీ. కప్పును గోటితో మీటి, మోత విని, లోపలి పగులు చెప్పగలడు. కూతురు బడి మారాక ఆ ఫ్యాక్టరీలో అతని గొప్పలకు అంతులేదు. పిల్లను పక్కవీధి బడిలోనే ఉంచిన తోటి పనివాణ్ణి "నీ డెబ్బై ఒకటి ఎలా ఉందోయ్?" అని ఏడిపించేవాడు. పిల్ల లెక్కల్లో వెనకబడుతోందనీ, అన్నం ముందు మాటాపలుకూ లేకుండా కూర్చుంటోందనీ భార్య అంటే గోడకు చెప్పినట్టే అయ్యేది.

రెండేళ్లు గడిచాయి. ఆఖరి పరీక్షలు మూడు నెలలున్నాయనగా బడి నుంచి కబురొచ్చింది. కూతురు ప్రిన్సిపాల్ గది గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అతను లోపల ఆయన ఎదుట కూర్చున్నాడు.

"మీ అమ్మాయికి లెక్కలు అందట్లేదండీ. మా తరఫున పరీక్షకు పంపలేం. టీసీ ఇస్తాం, బయటినుంచి పరీక్షకు కట్టించుకోండి."

"ఇంకా మూడు నెలలుందిగా సార్, నేర్పండి."

"ఒక్కరు తప్పినా మా నూరు పోతుంది. మీరు చేర్పించిందీ ఆ నూరు చూసేగా?"

"ఇలా ఎంతమందిని పంపించారు?"

"ఏటా ఉండేదే. ఈసారి పాతికమందే."

ఫ్యాక్టరీలో దీన్ని ఏరివేత అంటారు. పగులున్న కప్పులు లెక్కబల్ల చేరకముందే తొట్టిలో పడతాయి. మిగిలినవి లెక్కపెడితే నూటికి తొంభై తొమ్మిది మేలైనవే. ఆ అంకె చూపించి యజమాని మురిసిపోతుంటే ఇరవై ఏళ్లుగా చాటున నవ్వుకున్నది అతనే. కప్పుల్లో కనిపెట్టిన కిటుకు కన్నబిడ్డ దగ్గర కనిపెట్టలేకపోయాడు. తల కొట్టేసినట్టయింది.

మెట్లు దిగుతుంటే కూతురు అడిగింది. "నాన్నా, నన్ను ఏరేశారా?"

ఆ మాట ఆ పిల్ల నేర్చుకున్నది అతని నోటనే. అతను ఆమె పుస్తకాల సంచి తన భుజానికి తగిలించుకున్నాడు.

మర్నాడు పక్కవీధి బడికి వెళ్లారు. గేటు దగ్గర ఆ తోటి పనివాడే ఎదురై, టీసీ కాగితం చూసి, ఏమీ ఎరగనట్టు తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎగతాళి చేసినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"చేర్చుకుంటే మీ శాతం తగ్గుతుందేమో మేడమ్" అన్నాడు పెద్ద టీచరమ్మతో, నేల చూపులు చూస్తూ.

"తగ్గితే తగ్గనివ్వండి." ఆమె ఫైల్లోంచి రెండేళ్ల కిందటి పట్టిక తీసింది. "తప్పు అంకెలది కాదు బాబూ. మొదటి గడి చూడండి, అంతకుముందు ఏడు కింది క్లాసులో ఎందరున్నారో వేశారు. రెండోది, పరీక్షకు ఎందరు కూర్చున్నారో. ఆ బడిలో నూట పద్దెనిమిది మంది ఉంటే, రాసింది ఎనభై ఏడు. మా దగ్గర తొంభై మంది, తొంభై మందీ రాశారు. అన్నీ అచ్చులోనే ఉన్నాయి."

అవును, ఉన్నాయి. వాటిని స్కేలుతో కప్పింది తనే.

ఆమె పిల్ల వైపు తిరిగింది. "ఎక్కడి నుంచి అర్థం కావట్లేదమ్మా?"

పిల్ల తండ్రిని ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "బడి మారిన కొత్తలో బీజగణితం మొదటి పాఠాలు వదిలేశారు మేడమ్. అప్పట్నుంచీ."

రెండేళ్లలో ఒక్కసారైనా అతను అడగని ప్రశ్న అది. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. కూతురి ముందు తల ఎత్తలేకపోయాడు.

చదువరులారా, బడుల పట్టిక చూడండి, తప్పకుండా చూడండి. కాని ఎందరు పాసయ్యారో చూసేముందు, ఎందరిని పరీక్షకు రానివ్వలేదో లెక్కవేయండి. ఆ లెక్క వేయకపోతే, రేపు బడివాళ్లు వదిలించుకునే బిడ్డను వాళ్లకంటే ముందు వదిలేసింది మనమే అవుతాం.