పచ్చచుక్క

వెర్నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వుల కాళ్లు రబ్బరుతో రుద్దుతోంది. రుద్దిన ప్రతిదానికీ అగ్గిపుల్లతో, పనికొస్తుందన్న గుర్తుగా పచ్చరంగు చుక్క పెట్టి, గుడ్ల అట్టలో నిలబెడుతోంది. భర్త ఆర్లోకి చేతులు వణకడం మొదలైన నాటి నుంచి ఆ పని ఆమెదే.

ఊరి బయట, వైమానిక దళం వారి కిటికీల్లేని భవనంలో ఆర్లోది పాతికేళ్ల కొలువు. ఉత్తరాన మంచు మీదుగా వచ్చే విమానాల్ని కనిపెట్టే కంప్యూటరుకి అక్కడ ఒక అంతస్తంతా పట్టింది. దాని ప్రాణం వేల వాల్వుల్లో ఉంది. వాటిని చేసే కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. యంత్రానికి మాత్రం విశ్రాంతి దొరకలేదు.

ఇవాళ ఒక వాల్వు రుద్దుతుంటే రబ్బరుకి ఎర్రరంగు అంటుకుంది.

"ఎరుపంటే పారేసేది కదా, ముసలాయనా. నువ్వే చెప్పావు."

ఆర్లో చల్లారిన కాఫీలోకి చూస్తూ చెప్పుకొచ్చాడు. రోజూ పొద్దున్నే కరెంటు కాస్త తగ్గించి యంత్రాన్ని నడపాలి. నీరసించిన వాల్వులు అప్పుడే బయటపడతాయి. నెల కిందట అలా తగ్గిస్తే అరవై వాల్వులు ఆరిపోయాయి. బీరువాలో ఉన్న కొత్తవి పదకొండే. ఆ రోజు నుంచి కరెంటు తగ్గించే మీట తిప్పడం మానేసి, తిప్పినట్టు పుస్తకంలో రాస్తున్నాడు. ఎర్రవాటిని ఇంటికి తెచ్చి పచ్చవి చేయిస్తున్నాడు.

పైవాళ్లకి చెప్పమంది వెర్నా. ఎనిమిది ఉత్తరాలు రాశానన్నాడు. కొత్త యంత్రం వచ్చేదాకా సర్దుకోమన్నారట.

"ఆగిపోతే?"

"ఆగితే నయం, గంట మోగుతుంది. ఆగకుండా అబద్ధం చెబుతుంది వెర్నా. మంగళవారం లేని విమానాన్ని చూపించింది. ఇద్దరు పైలట్ కుర్రాళ్లు దాన్ని వెతుకుతూ సరస్సు మీదికి ఎగిరిపోయారు. దిగేసరికి ట్యాంకులో ఇంధనం చుక్క లేదు."

వెర్నా గుడ్ల అట్ట దగ్గరికి లాక్కుంది. తర్వాత థిన్నర్ సీసా మూత తీసి, గుడ్డ తడిపి, మొదటి చుక్క తుడిచింది. ఆర్లో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తుడవకు. ఇవి లేకపోతే రేపు యంత్రాన్ని ఆపెయ్యాలి. ఉత్తర దిక్కంతా గుడ్డిదైపోతుంది."

"ఇప్పుడు మటుకు చూస్తోందా?" అంది ఆమె. "నీ చేతుల వణుకు జబ్బనుకున్నాను నేను."

అతని చెయ్యి జారింది. ఆమె ఒక్కొక్కటే తుడుస్తూ పోయింది. చివరి దాన్ని ఆర్లోయే అందుకుని తుడిచాడు. కోటు తొడుక్కుని, గుడ్ల అట్ట చంకలో పెట్టుకున్నాడు. మళ్లీ ఎర్రచుక్కలు పెట్టడానికి కిటికీ గట్టు మీది ఎర్రరంగు సీసా జేబులో వేసుకున్నాడు. పొయ్యి పక్కన అతని భోజనం క్యారేజీ అలాగే ఉంది. తలుపు తీసుకుని మంచులోకి వెళ్లిపోయాడు.