రత్నమ్మ వెంట నడిచిన బెంచీ

ఒక మాట చెప్పండి పిల్లలూ. దారి పక్కన ఖాళీ బెంచీ ఉంది, మీకు కాళ్ళు లాగుతున్నాయి. దాని మీద కూర్చోవడానికి ఎవరిని అడగాలి?

"ఎవర్నీ అక్కర్లేదు అమ్మమ్మా, జస్ట్ సిట్ చేయడమే" అంటోంది విద్య. తమ్ముడు నవ్వుతున్నాడు. సరే, ఆ చిక్కుడుకాయల పళ్ళెం ఇటు జరిపి వినండి.

మీరు పుట్టకముందు, ఎనభై నాలుగులో, అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మన పాత అపార్ట్‌మెంట్ కింది వాటాలో నాగమణి ఆంటీ ఉండేది. ఆవిడ పుట్టింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో. అక్కడ తెలుగువాళ్ళెందుకున్నారని మీరడగాలి. అడగలేదు కనక నేనే చెబుతాను. బ్రిటిష్ దొరలు చెరకు తోటల్లో పనికి మనవాళ్ళను ఓడలెక్కించి తీసుకెళ్ళారు. అలా వెళ్ళిన కూలీల మనవరాలు రత్నమ్మ, రత్నమ్మ కూతురు నాగమణి. నాగమణికి రేణు పుడితే పసిదాన్ని చూసుకోవడానికి రత్నమ్మ షామ్‌బర్గ్ వచ్చింది.

రోజూ పొద్దున్నే బిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోసి, పడుకోబెట్టి, నడకకు వెళ్ళేది. ఆమె చీలమండ పైన మానని పుండు ఉండేది. "నడవండి, కానీ మధ్యమధ్య కూర్చుని కాలు చాపండి. ఇలా ఒకేపట్టున నిలబడితే ఈ కాలు దక్కదు" అన్నాడు డాక్టరు.

ఇంట్లో పీట మీద కూర్చునేది. గుమ్మం దాటిందా, ఇక కూర్చోదు. డాక్టరు దగ్గర కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడేది. ఎందుకంటారా? ఆమె ఊళ్ళో బెంచీలకు బోర్డులుండేవి, తెల్లవాళ్ళకు మాత్రమే అని. పార్కులో, రైల్వే స్టేషన్లో, సముద్రం ఒడ్డున, అన్నిచోట్లా. నాగమణి కడుపులో ఉన్నప్పుడు స్టేషన్లో కళ్ళు తిరిగి అలాంటి బెంచీ మీద కూలబడిపోయింది రత్నమ్మ. పోలీసు వచ్చి లాఠీ కొనతో పొడిచి లేపాడు. ప్లాట్‌ఫారమంతా చూసింది. ఆనాటి నుంచి బయట ఆమె మోకాళ్ళు వంగడం మానేశాయి.

"అమ్మా, ఇది అమెరికా. ఇక్కడ బోర్డుల్లేవు" అనేది నాగమణి.

"బోర్డు లేకపోతే ఏమే, లేపేవాడు ఉండడా?"

"కాలు పోతే బాగుంటుందా మరి?"

"పోతే పోయింది. మళ్ళీ లేపించుకోవడం నా వల్ల కాదు నాగీ."

ఆ మర్నాడు పార్కులోని ఆకుపచ్చ బెంచీ ఆమె వెనకాలే బయల్దేరింది.

ఇనప కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి పెడుతూ, చూడి ఆవులా నెమ్మదిగా నడిచింది. ఆమె ఆగితే ఆగేది. రోడ్డు దాటుతుంటే కార్లు నిలబడి దారిచ్చేవి. పోస్ట్‌మాన్ ఆమెకూ బెంచీకీ కలిపి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. మంచు పడ్డ రోజు అపార్ట్‌మెంట్ మేనేజరు తన చీపురుతో దాని మీది మంచు ఊడ్చేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయేదాన్ని, పోపు మాడుతున్నా తెలిసేది కాదు.

రత్నమ్మ మాత్రం కసిరేది. "పోవే! పోలీసు చూశాడంటే ఇద్దర్నీ జైల్లో పెడతాడు!"

అది వినేది కాదు. ఈమె కూర్చునేదీ కాదు. పుండు పెద్దదైంది. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు.

ఆ వీధిలో ఒడెస్సా అని ఒక నల్లావిడ ఉండేది, మిసిసిపీ నుంచి వచ్చిన మనిషి. స్కూలు బస్సు నడిపేది. ఓ రోజు డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ వీళ్ళ ముందు ఆగింది.

"మ్యామ్, మీ బెంచీ మీద కాసేపు కూర్చోవచ్చా?"

రత్నమ్మ బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక, కూర్చోవడానికి తనను అనుమతి అడిగిన మనిషిని చూడడం అదే మొదలు. చెయ్యి దానంతటదే కొంగు తీసి పలకలు తుడిచింది.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అంది తన డర్బన్ ఇంగ్లీషులో.

ఒడెస్సా కూర్చోలేదు. "మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"అయ్యో, మీరు ముందు."

"లేదు మ్యామ్, మీరే ముందు."

మన పెళ్ళి బంతుల్లో ఆడవాళ్ళు వాదించుకున్నట్టు వాదించుకున్నారు. బెంచీ ఓపిగ్గా చూస్తోంది. ఒడెస్సా పొద్దుట్నుంచీ బస్సు తోలి వచ్చిన మనిషి, నడుం పట్టుకుని నిలబడింది. వచ్చిన మనిషిని నిలబెట్టడం రత్నమ్మకు చేతకాలేదు. మోకాళ్ళు వంగాయి. రూపాయి బిళ్ళంత చోటులో, అంచు మీద కూర్చుంది.

అప్పుడు ఒడెస్సా కూర్చుంది. బెంచీ తన పలక ఒకటి మెల్లగా ముందుకు చాచి, రత్నమ్మ మడమ కింద పెట్టి, కాలిని పైకెత్తింది. కడుపుతో ఉన్న కూతురి కాలికింద తల్లి దిండు పెడుతుందే, అలా.

డర్బన్ బోర్డుల సంగతి, స్టేషన్లో లాఠీ సంగతి చెప్పింది రత్నమ్మ.

"మా ఊళ్ళోనూ బోర్డులుండేవి" అంది ఒడెస్సా. "మంచినీళ్ళ కుళాయికి కూడా."

"లేపారా మిమ్మల్ని?"

"లేపారు."

రత్నమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. ఎవ్వరూ వచ్చి లేపలేదు.

తర్వాత రోజూ కూర్చున్నారు. ఎండలు ముదిరేసరికి పుండు మానింది. ఆ బెంచీ అంచు పట్టుకునే రేణు నడక నేర్చింది.

మరుసటేడు రత్నమ్మ డర్బన్‌కు తిరిగి బయల్దేరితే బెంచీ ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చింది. కౌంటర్లో అమ్మాయి దాన్ని తూకం వేసి, కాలికి ట్యాగ్ కట్టి పంపించింది.

అక్కడ ఇంకా బోర్డులున్నాయి. ఒకప్పుడు తనను లేపిన ఆ స్టేషన్లోనే, బోర్డులున్న బెంచీల మధ్య, బోర్డు లేని దీని మీద కూర్చుంది రత్నమ్మ. పోలీసు వచ్చాడు. బోర్డు కోసం ముందూ వెనకా వెతికాడు, వంగి కిందా చూశాడు. ఎవర్ని లేపాలో తెలియక వెళ్ళిపోయాడు. కాస్త దూరంలో, వీపున బిడ్డను కట్టుకున్న, అక్కడి జులూ తెగ నల్లమ్మాయి గోడకానుకుని నిలబడి ఉంది. రత్నమ్మ రమ్మంటే ఆ పిల్ల భయంతో తల అడ్డంగా ఊపింది.

రత్నమ్మ లేచి నిలబడింది. "నువ్వు నిలబడితే నేనెలా కూర్చుంటానమ్మా?"

రైలు వచ్చేదాకా ఇద్దరూ కూర్చున్నారట. నాగమణికి ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు చెప్పండి, ఎవరిని అడగాలి? ఏం రా, నవ్వడం మానేశావే? తొందరేం లేదు, ఆలోచించండి. నాకు పనుంది, చిక్కుడుకాయలకు సగమే ఈనెలు తీశాను.