లేడీస్ గేటు మద్దమ్మ

మూడో వరుస సగం దాకా వచ్చేసరికి మద్దమ్మకు ఆయాసం వచ్చింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ వంగింది.

ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీ. ఈ చేతిపిడి నుంచి ఆ చేతిపిడికి గుడ్డపీలిక అడ్డంగా కట్టి ముడి వేయాలి. ముడి వేసిన కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. కరోనా రెండోసారి తగ్గాక సర్కారు హాళ్ళు తెరవమంది గానీ, సగం కుర్చీలకే అనుమతి ఇచ్చింది. పీలికలన్నీ పాత గుడ్డ బ్యానర్లను చించినవి. ఒకదాని మీద ఎవరో హీరో కన్ను, ఇంకోదాని మీద సగం అక్షరం. పొద్దుటి ఆటకు వచ్చిన కుర్రాళ్ళు ఈలలు వేసి, కాగితాలు ఎగరేసి, పోతూపోతూ సగం ముడులు ఊడబీకి పోయారు. మ్యాట్నీకి ముందే అవన్నీ మళ్ళీ కట్టాలి.

మద్దమ్మ పొట్టి మనిషి. అరవై దాటింది. జుట్టు తెల్లబడింది, చేతులు మాత్రం ఇంకా గట్టివే. ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త దిగి ఉంటుంది. బళ్ళారి పద్మశ్రీ టాకీస్‌లో సినిమా చూసిన తల్లుల పిల్లలు చాలామంది ఆ భుజం మీద నిద్రపోయినవాళ్ళే.

ఆమె సొంతూరు చోరనూరు. మొగుడు దోణిమలై గనుల్లో లారీలకు ఇనుపరాయి ఎత్తేవాడు. ఒకరోజు పనికని కొండెక్కిన మనిషిని నలుగురు మోసుకుని దిగారు. పని వెతుక్కుంటూ బళ్ళారి వచ్చిన మద్దమ్మను ఈ టాకీస్ పెద్ద సావుకారు పిలిచి ఒక్కటే అడిగాడు. "ఏడ్చే పిల్లను ఎత్తుకోగలవా?" ఎత్తుకోగలనంది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళ గేటు ఆమెది. టికెట్టు చించడం, తోపులాట ఆపడం, పసిపిల్ల ఏడిస్తే తల్లి సినిమా చెడకుండా బయట తిప్పడం ఆమె పని. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. అన్నీ గేటు తెర వెనక నుంచి విన్నది.

ప్రొజెక్టర్ ఆపరేటర్ గాళెప్ప ఫోన్ పట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. చెడ్డ వార్త దొరికితే పంచకుండా ఉండలేడు.

"మద్దక్కా, ఫోన్లో ఈయప్ప చెప్పేది ఇను. ఎంత పెద్ద సినిమా అయినా ఇప్పుడు వదిలితే మునిగినట్లేనంట. సగం సీట్లంట, జనానికి భయమంట, మూడు వారాలకే ఫోన్లోకి వస్తాదంట. ఇంగ ఈడికి ఎవురొస్తారు?"

"ఆయప్ప యాడుండాడు?"

"హైదరాబాదులో."

"మన పక్కూరు కప్పగల్లోళ్ళు వచ్చేది రానిది ఆడ కూసోని చెప్తాండాడా? ఫోన్ జేబులో పెట్టి ఆ పక్క ముళ్ళు ఎయ్యి."

గాళెప్ప ముడి వేస్తూ గొంతు తగ్గించాడు. "సావుకారు గూడ అడిగినాడక్కా. ఆడోళ్ళు రారు సామీ, అని చెప్పినా."

"నీ నోట్లో మన్ను బడ! ఏంటికి చెప్పినావప్పా?"

"అడిగినాడు, చెప్పినా. పైన బియ్యం మండీ ఆయప్ప వచ్చి కూసున్నాడు. మ్యాట్నీకి లేడీస్ క్యూ చూస్తారంట. క్యూ లేకపోతే ఈ పొద్దే బీగాలు ఆయప్ప చేతికి. కుర్చీలు పీకి బియ్యం మూటలు ఏస్తారంట."

మద్దమ్మ చేతిలో పీలిక జారింది. వంగి తీసుకుంది. ముడి వేసింది.

ఇప్పటి యజమాని శివరామకృష్ణయ్య పెద్ద సావుకారు కొడుకు. తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించి, ఆ వడ్లమీద వచ్చిన డబ్బుతో ఈ టాకీస్ కట్టాడు. కొడుకు చెడ్డవాడు కాదు. హాలు మూసిన రోజుల్లో పనివాళ్ళ ఇళ్ళకు బియ్యం పంపాడు. మద్దమ్మ కరోనాతో పెద్దాసుపత్రిలో పడితే రోజూ ఫోన్ చేసి కనుక్కున్నాడు. అయితే రెండేళ్ళుగా మూసి తెరిచి, తెరిచి మూసి అలిసిపోయాడు. కుర్రాళ్ళ ఈలలు మూడు రోజులే, ఆడవాళ్ళు కదిలితేనే సినిమా నాలుగు వారాలు నిలుస్తుందని తండ్రి చెప్పేవాడు. ఇంత పెద్ద సినిమాకు కూడా ఆడవాళ్ళు రాకపోతే ఇక ఏ సినిమాకూ రారని కొడుకు తేల్చుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి మద్దమ్మకు ఏమీ కనిపించలేదు. బియ్యం పంపిన చేతిని తప్పు పట్టడం ఆమెకు రాదు కూడా.

కానీ హాలు లేకపోతే ఆమె ఎక్కడికి పోతుంది? ఈ గేటు తప్ప ఆమెకు తెలిసిన వాకిలి ఇంకొకటి లేదు.

బయట ఎండ మండుతోంది. లేడీస్ టికెట్ కౌంటరు ముందు పాత ఇనుప కటకటాల క్యూ ఇప్పుడు మూసేశారు. దాని బదులు నేలమీద సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి దూరదూరంగా నిలబడాలి. పొద్దుట కుర్రాళ్ళు ఎగరేసిన రంగు కాగితాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. గుండ్రాల్లో ఎవరూ లేరు. మద్దమ్మ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

లగేజి ఆటో ఒకటి దుమ్ము లేపుతూ వచ్చి ఆగింది. ముందు దిగింది సుంకలమ్మ. కప్పగల్లు నుంచి రోజూ కూరగాయల గంప తెచ్చి అమ్ముకునే మనిషి. ఆమె వెనక చంటిపిల్లను చంకనేసుకుని కోడలు నయన. ఆ వెనక ఇంకా ఆడవాళ్ళు దిగుతూనే ఉన్నారు.

"ఏం మద్దక్కా, బతికే ఉండావే!"

"నువ్వు ఆసుపత్రికి పంపిన గంజి తాగినాక ఇంగెట్ల పోతానే సుంకలూ?"

"అట్లయితే మంచి సీటు ఇయ్యి. మాస్కు ఏసుకుంటే నేనూ హీరోయిన్నే, చూడు."

"కండ్లు మాత్రమే కనపడాల. నోరు తెరిస్తే దొరికిపోతావు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక సుంకలమ్మ మెల్లగా అంది. "ఏడాదిగా ఎవురింటికి పోయినా పరామర్శకే పోయినామక్కా. మా ఈదిలో ఏడ్పు లేని ఇల్లు లేదు. ఈ పొద్దు అందరమూ ఒగతావ కూసోని నవ్వుకుందామని వచ్చినాం."

"ఒగతావ అంటే, ఒగ కుర్చీ వదిలి."

"వదుల్తాం లేవే. గోడ అడ్డమున్నా నవ్వు ఇనపడతాది."

బెల్లు కొట్టడానికి ఇంకా సమయం ఉంది. సుంకలమ్మ మొదటి గుండ్రంలో నిలబడి ఆకాశం చూసింది. చెప్పులు విడిచి గుండ్రంలో పెట్టింది. కాళ్ళు కాలుతుంటే ఎగురుకుంటూ పోయి గోడ వెనక సైకిల్ స్టాండు రేకుల కింద కూర్చుంది. మిగిలినవాళ్ళూ అదే చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రేషన్ డిపో ముందు ఏడాదిగా ఇదే పద్ధతి. వరుసలో చెప్పులు నిలబడతాయి, మనుషులు నీడలో ఉంటారు. ఒకరి చెప్పు ఇంకొకరు జరపరు.

ఇంకో ఆటో వచ్చింది. తర్వాత ట్రాక్టరు. చెప్పుల వరుస రోడ్డు దాకా పోయింది. మద్దమ్మ గేటుకు ఆనుకుని దాన్ని చూసుకుంది. దండ గుచ్చిన పూసల్లా ఉన్న ఆ చెప్పులను చూస్తుంటే ఆమెకు కళ్ళు తడిశాయి. వచ్చారు. భయపడుతూనే వచ్చారు.

అప్పుడే పైనుంచి గాళెప్ప దడదడా దిగాడు.

"మద్దక్కా, అయిపాయ! సావుకారు కిటికీలోంచి చూసినాడు. క్యూలో ఒక్కరూ లేరంట. బీగాలు బయటికి తీసినాడు."

"ఒక్కరూ లేరా? వరుస రోడ్డు దాకా ఉండాదే!"

అంటూ ఆమె తల ఎత్తి కిటికీని చూసింది. మళ్ళీ నేలను చూసింది. అర్థమైంది. సైకిల్ స్టాండు ఆ కిటికీకి కనపడదు. కనపడేది ఖాళీ గుండ్రాలు. అంత పైనుంచి చూస్తే చెప్పులకూ కాగితం చెత్తకూ తేడా ఏముంది?

"పోయి చెప్పు గాళెప్పా!"

"నా మాట యాడ ఇంటాడు? పొద్దున్నుంచి రారు, రారు అని చెప్పింది నేనే గదా." ఫోన్ చేసి చూశాడు. "ఎత్తల్యా."

మద్దమ్మ గోడ దగ్గరికి పోయి కేకేసింది. "సుంకలూ! అందరూ ఎండలోకొచ్చి గుండ్రాల్లో నిలబడండే!"

"బెల్లు కొట్టనీ అక్కా! డిపో వాడూ ఇట్లనే లేపి, మళ్ళా కూసోబెడతాడు. కాళ్ళు బొబ్బలెక్కతాయి."

బెల్లు స్విచ్చు సావుకారు గదిలో ఉంది. గది మేడ మీద ఉంది. మెట్లు ఎక్కవద్దని ఆసుపత్రి డాక్టరు రెండుసార్లు చెప్పి పంపాడు.

మద్దమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి మెట్లు ఎక్కింది.

మలుపు దాకా బాగానే ఎక్కింది. మలుపు దగ్గర ఛాతీ పట్టేసింది. గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. పై నుంచి తాళాల గుత్తి చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిచి, కమ్మీ పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కేసింది.

తలుపు తీసే ఉంది. శివరామకృష్ణయ్య తాళాల గుత్తి ముందుకు చాపి ఉన్నాడు. మండీ మనిషి అందుకోవడానికి చెయ్యి చాచి ఉన్నాడు.

"మద్దమ్మా? ఏంటి, ఏమైంది?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. గాలే రాలేదు. చెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు చూపించింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ నల్ల స్విచ్చును ఆమె ముట్టుకోలేదు. సావుకారు తప్ప ఎవరూ ముట్టుకోరు. బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టింది.

బెల్లు టాకీసంతా మోగింది.

కిటికీ కింద గోల లేచింది. శివరామకృష్ణయ్య తల తిప్పాడు. గోడ వెనక నుంచి ఆడవాళ్ళు బిలబిలమని వస్తున్నారు. కాలే నేలమీద ఉత్త కాళ్ళతో గెంతుతూ, కొంగులు ఎత్తిపట్టుకుని, నవ్వుతూ, తిట్టుకుంటూ ఎవరి చెప్పుల్లోకి వాళ్ళు దూరుతున్నారు. చూస్తుండగానే మొదటి గుండ్రం నుంచి రోడ్డు దాకా వరుస లేచి నిలబడింది.

"ఇందాక ఒక్కరూ లేరుగా!" అన్నాడాయన.

"చెప్పులు... నిలబడిండాయి సామీ." మద్దమ్మకు ఇప్పుడు గాలి వచ్చింది. "మనుషులు నీడలో ఉండారు."

మండీ మనిషి కిటికీలోంచి చాలాసేపు చూశాడు. పెద్దగా నవ్వి లేచాడు. "నా మూటలకు ఇట్ల గెంతేది రాదు సావుకారూ. వస్తా."

ఆయన పోయాక శివరామకృష్ణయ్య తాళాలు జేబులో వేసుకుని ఆమె వైపు తిరిగాడు. "నువ్వు మెట్లెక్కావా? డాక్టరు వద్దన్నాడుగా!"

"దిగేది సులభమే సామీ," అంది మద్దమ్మ.

గేటు దగ్గర ఆమె టికెట్లు చించింది. లోపలికి పోయే ప్రతి ఆడమనిషీ ఆమె చెయ్యి తాకి పోయింది. ఒకామె "సల్లగుండు అక్కా" అంది. ఒకామె తన తల్లి ఈ గేటులోనే వచ్చేదని చెప్పింది. కట్టని కుర్చీలన్నీ నిండాయి. దీపాలు ఆరాయి. కాసేపటికి నయన బిడ్డ గుక్కపట్టింది. మద్దమ్మ లోపలికి పోయి అడగకుండానే ఎత్తుకుని, గేటు తెర వెనక తన కుర్చీలో కూర్చుని, ఎడమ భుజం మీద వేసుకుంది.

శివరామకృష్ణయ్య తనే మేడ దిగి వచ్చాడు. చేతిలో పొట్లం ఉంది. ఎదురుగా అంగడిలో కట్టించిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు.

"మండీ అతన్ని ఇంకో చోటు చూసుకోమని ఫోన్ చేసి చెప్పాను," అన్నాడు. "నాన్నగారు ఉంటే ముందు నిన్ను తిట్టేవారు, మెట్లెక్కినందుకు. తర్వాత నన్ను తిట్టేవారు, చాలాసేపు. వేడిగా ఉంది, తిను."

"పాప నిద్రపోతాంది. లేసినాక తింటా సామీ. ఆ స్టూలు మీద పెట్టండి."

ఆయన పెట్టి వెళ్ళాడు.

లోపల ఏదో హాస్యం. హాలంతా ఒక్కసారి నవ్వింది. మగవాళ్ళ నవ్వు ఠపీమని పేలి ఆగుతుంది. ఆడవాళ్ళ నవ్వు ఆగినట్టే ఆగి, ఏదో మూల నుంచి మళ్ళీ మొదలవుతుంది. మద్దమ్మ తెర సందులోంచి చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నది. పెద్ద సావుకారు, గంజి, బియ్యం, చెయ్యి తాకిన చేతులు. తనకు ఎంతమంది! బిడ్డ ఊపిరి మెడకు వెచ్చగా తగిలింది. తన చేత్తో ఆ చిన్న వీపును పొదివి పట్టుకుంది. లోపల మళ్ళీ నవ్వు మొదలైంది.

ఆట వదిలారు. తెర జరుపుకుని నయన ముందుగా వచ్చింది. బిడ్డ నిద్రపోతూనే ఉంది.

"ఇట్లియ్యి పెద్దమ్మా," అని వంగి చెయ్యి ముట్టుకుని, అట్లాగే ఆగిపోయింది. "అత్తా," అని మెల్లగా పిలిచింది.

సుంకలమ్మ వచ్చింది. మద్దమ్మ ముఖం చూసింది. ఆ చేతి కింద నుంచి బిడ్డను మెల్లగా తీసి కోడలికి ఇచ్చింది. బిడ్డ మేలుకోలేదు. వెనక నవ్వుకుంటూ వస్తున్న ఆడవాళ్ళను చెయ్యెత్తి ఆపింది. "తొందర పడొద్దు. సప్పుడు చెయ్యొద్దు," అంది. ఒకరి వెనక ఒకరు ఆ గేటు దగ్గర ఆగి, దణ్ణం పెట్టి, బయటికి నడిచారు. గాళెప్ప వచ్చాడు. శివరామకృష్ణయ్య వచ్చాడు. ఆయన ఆమెను పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు, మూడోసారి పిలవలేదు. నలుగురు కలిసి ఆమెను కుర్చీతో సహా ఎత్తి వసారాలోకి తీసుకుపోయారు.

గేటు పక్క స్టూలు మీద ఉగ్గాని పొట్లం విప్పకుండా ఉంది. బజ్జీల నూనె కాగితంలోంచి దిగి, చెక్క మీద మెల్లగా పాకుతోంది.