గోడ పక్కన నలభై నిమిషాలు

ఆరువందల నలభై కిలోమీటర్లు. టిఫిన్లు, టీలు కలుపుకుని గంటకు సగటున యాభై అయిదు. పొద్దున అయిదింటికి బయల్దేరితే సాయంత్రం నాలుగూ ముప్పై ఎనిమిది. టికెట్టు వెనకాల కండక్టరమ్మ వేసుకున్న లెక్క అది. ఆ చివర రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఆమె పెళ్లాడబోయే టైలరు తను కుట్టుకున్న చొక్కా తొడుక్కుని కూర్చుని ఉంటాడు. ఆఫీసు అయిదింటికి మూస్తారు. పెళ్లి నోటీసు గడువు ఇవాళ్టితో సరి. దాటిందా, మళ్లీ మొదటికే. సెలవు దొరక్క, ఈ రూటులో డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది.

పన్నెండూ పదికి బస్సు ఒక గోడ పక్కన ఆగింది. హోటల్ లేదు, కుళాయి లేదు. డ్రైవరు చెప్పులు విడిచి కాళ్లు ముడుచుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"నలభై నిమిషాలు హాల్టు. చార్టులో ఉంది."

"ఎందుకు?"

"నన్నడుగుతావేంటే? పన్నెండేళ్లుగా ఆపుతున్నా. ఎందుకని చార్టునెవరడుగుతారు?"

నలభై కలిపితే అయిదూ పద్దెనిమిది. కండక్టరమ్మ టికెట్టు తిప్పి మళ్లీ కూడుకుంది. అంతలో గోడలోని గేటు తెరుచుకుని ఒక ముసలావిడ తల బయట పెట్టింది.

"వచ్చారా? రోజూ నా గోడకి ఏం కాపలా నాయనా?"

"ఇక్కడేముందని ఆపుతారు అమ్మమ్మా?"

"నా వంట! ఈ దారిన మొదటి బస్సు నడిపి టైములు రాసింది మా అల్లుడు. అత్తారింట్లో తిన్నాడు, ఓ కునుకు తీశాడు, అదీ కలిపి రాసేశాడు. వాడు వేరే డిపోకి పోయాడు. మీరు మాత్రం వదల్లేదు."

బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ నవ్వుతూనే ఏడ్చేసి, పెళ్లి సంగతి బయట పెట్టింది. నవ్వు కేకలైంది.

"పోనీవయ్యా పెద్దాయనా!"

"నలభై నిమిషాలు తగ్గిస్తే నాకు మెమో!" డ్రైవరు కళ్లజోడు పెట్టుకుని చార్టు చదివాడు. మళ్లీ చదివాడు. "హాల్టు నలభై అని ఉంది. ఎక్కడన్నది లేదు. గడి ఖాళీ. అత్తారిల్లని రాయడానికి సిగ్గుపడ్డట్టున్నాడు." కళ్లజోడు తీశాడు. "మీవాడు కూర్చున్న ఆఫీసు నుంచి బస్టాండుకి ఎంతసేపే?"

"రెండు నిమిషాలు బాబాయ్!"

"తలుపెయ్యి."

నాలుగూ ముప్పై ఎనిమిదికి బస్సు రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఆగింది. సాక్షులు ముగ్గురు చాలంటే నలభై ఒక్కమంది వరస కట్టారు. నాలుగూ యాభై ఏడుకి సంతకాలు అయిపోయాయి. మిగతా ఇరవై ఒక్క నిమిషాలూ బస్సు కదల్లేదు. హాల్టు హాల్టే.

అయిదూ పద్దెనిమిదికి కండక్టరమ్మ విజిల్ ఊదింది. టైలరు ముందు సీట్లో కూలబడ్డాడు.

"అల్లుడికి టికెట్టు కొట్టావా?" అన్నాడు డ్రైవరు.

కొట్టింది.

అయిదూ ఇరవైకి బస్టాండులో డ్రైవరు ఖాళీ గడిలో 'రిజిస్ట్రారు ఆఫీసు' అని రాశాడు. ఇక రోజూ అక్కడే ఆగుతుంది. ఎందుకని చార్టునెవరడుగుతారు?