టీ కొట్టు దగ్గర చెప్పిన ధర

మొక్కజొన్న ఎప్పుడు కోయాలో, ఎన్నాళ్లు ఎండబెట్టాలో, ఎవరికి అమ్మాలో ఊరందరికీ అడక్కుండానే చెప్పేవాడు కనక అతనికి సలహాదారు అని పేరు పడిపోయింది. అంతటి మేధావీ ఈ ఏడు తన పంటను పచ్చిగా ఉండగానే కోసి, ఒక్క ఎండైనా తగలనివ్వకుండా లారీకెక్కించాడు. వ్యాపారి గింజ కొరికి చూసి, "ఏం బాబాయ్, కడిగి తెచ్చావా?" అంటూ క్వింటాలుకు పదహారు వందలు కట్టాడు. మిగతా ఊరికి పద్దెనిమిది వందలు పలుకుతోంది.

ఇది బయటికి పొక్కితే ఇక అతని పరువేం కాను? అందుకని ఇంటికైనా వెళ్లకుండా టీ కొట్టు దగ్గర ఆగి, ఇరవై రెండు వందలకు అమ్మానని చెప్పేశాడు. పైగా కాలు మీద కాలేసుకుని, "సరుకును బట్టి ధర" అని ఓ ముక్క తగిలించాడు. అక్కడే ఉన్న అతని అన్న మురిసిపోయి అందరి టీలకూ తనే డబ్బులిచ్చాడు.

ప్రభుత్వం ఈ ఏడు రెండు వేలు మద్దతు ధర ప్రకటించింది. నెలాఖరులోగా అంతకు తక్కువకి అమ్ముకున్నవాళ్లకు తేడా సొమ్ము ఇస్తుంది. సలహాదారు, వ్యాపారి బరువూ ధరా రాసిచ్చిన కాటా చీటీని గుట్టుగా వ్యవసాయ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ఆ సొమ్ము వస్తేనే కౌలు కట్టగలడు. శుక్రవారంలోగా కట్టకపోతే మూడెకరాలూ వేరేవాళ్లకిస్తానని భూమి గలావిడ తేల్చి చెప్పేసింది. అవి పోతే అతనికి దున్నడానికి సెంటు నేల లేదు.

సొమ్ము కూడా గుట్టుగానే బ్యాంకులో పడుతుందనుకున్నాడు. ఆ సొమ్ము కోరినవాళ్ల జాబితాను ఊరందరి ముందూ చదివి అభ్యంతరాలు అడుగుతారని సలహాదారుకు సలహా చెప్పినవాడు లేడు మరి.

నెల మారిన రోజే ఆఫీసు హాల్లో అందరినీ కూర్చోబెట్టి అధికారి చదవడం మొదలుపెట్టాడు. సలహాదారు పేరు చదివి పదహారు వందలనగానే ట్రాక్టరు డ్రైవరు లేచాడు.

"సార్, ఈయన ఇరవై రెండు వందలకి అమ్మాడండీ. మా అందరికీ తనే చెప్పాడు. ఆ చీటీ రాయించుకున్నదై ఉంటుంది."

అధికారి కళ్లజోడు తీశాడు. "దొంగ చీటీ అయితే డబ్బు రాకపోగా కేసవుతుంది. ఏమంటారు?"

సలహాదారు లేచి నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"చీటీ నిజమేనండీ. పచ్చి గింజ కోసుకుపోయాను. ఇరవై రెండు వందలన్నది నా గొప్ప కోసం కోసిన కోత. ఊరందరికీ ఎండబెట్టమని చెప్పిన నోరు నాకు చెప్పలేదు, ఏం చేయను?"

హాలు హాలంతా ఘొల్లున నవ్వింది. అతనూ నవ్వాడు. నిజం చెప్పడం ఇంత సుళువని తెలిస్తే ముందే చెప్పేవాణ్ణి కదా అనిపించింది. అన్న ఒక్కడే నవ్వడం లేదు.

"సార్," అన్నాడు అన్న, మెల్లగా లేచి. "నేనింకా అమ్మలేదండీ. పద్దెనిమిది వందలిస్తామంటే, తమ్ముడికి ఇరవై రెండొచ్చింది కదా అని ఆపాను. ఇప్పుడమ్మితే ఆ తేడా ఇస్తారా?"

"గడువు నిన్నటితో అయిపోయిందండీ."

నవ్వులు ఆగిపోయాయి. అధికారి కాగితం వైపు చూస్తూ, ఈయన మీద ఇంకా ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగాడు. అందరూ అన్న వైపు తిరిగారు.

"లేదండీ. వాడు శుక్రవారానికి కౌలు కట్టుకోవాలి. రాసేసుకోండి," అని అన్న కూర్చున్నాడు.

సలహాదారు వెళ్లి పక్కన కూర్చున్నాడు. "ఆపుతున్నానని నాకొక్క మాట చెప్పాల్సింది అన్నయ్యా," అన్నాడు.

"చెప్తే ఏమనేవాడివిరా?"

సలహాదారు కదా, ఇంకో వారం ఆగన్నయ్యా, ఇంకా పెరుగుతుంది అని ఉండేవాడు.