కుడిపక్కకు పూయని నూనె

కదిరప్ప ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వడు. అలాంటివాడు సీసా నిండా నూనె తెచ్చి కొట్టం ముందు పెట్టిన పూటే తనకు అనుమానం వచ్చిందని, బెళుగుప్ప పాలకేంద్రం దగ్గర తిప్పేస్వామి ఇప్పటికీ వినేవాళ్లకూ విననివాళ్లకూ చెబుతుంటాడు.

తిప్పేస్వామిది జెర్సీ ఆవు, ఐదు నెలల చూడి. వేరుశనగ ఎండిపోయిన రెండేళ్లూ ఇంట్లో పొయ్యి వెలిగింది దాని పాలమీదే. దాని చెవుల్లో, పొదుగు చుట్టూ పిడుదులు గుత్తులుగా పట్టాయి. షాపు మందు ఎంత కొట్టినా రాలడం మానేశాయి.

"వేపనూనెలో సీతాఫలం గింజలు నూరి కలిపినా. ఒళ్లంతా పూయి, కండ్లల్లో పడనీకు," అన్నాడు కదిరప్ప. "గోడ సందుల్లో గూడా పూయాల. గుడ్లు పెట్టేది ఆడనే."

"ఎంత ఇయ్యాలప్పా?"

"నీ దుడ్లు నాకెందుకన్నా. మా చెట్ల గింజలే గదా."

ఆ మాటే గుచ్చుకుంది. నిరుడు ఈ కదిరప్పే ఈ ఆవును బేరమాడి, ఇవ్వనంటే నవ్వుకుంటూ పోయాడు. ఆవు చిక్కిపోతే అగ్గువకు కొట్టేద్దామనేమో. తిప్పేస్వామి బాగా ఆలోచించి ఎడమపక్కకు మాత్రమే పూశాడు, చెడితే సగమే చెడుతుందని. గోడల జోలికి పోనేలేదు.

భార్య సుంకమ్మ చూసి నడుముమీద చేతులు పెట్టుకుంది. "ఇంగ పాలు గూడా ఒగ పక్కనే పిండు."

వారానికి ఎడమపక్క నున్నగా తేలింది. కుడిపక్క చెయ్యి పెట్టడానికి చోటు లేదు.

"చూడు, అన్నిట్నీ ఈ పక్కకు తోలినాడు," అన్నాడు తిప్పేస్వామి.

"తోలింది నువ్వు. సీసాలో ఇంగా ఉండాది, పూయి."

పూయలేదు. ఆవు మేత మానేసింది. మూత్రం కాఫీ రంగులో పడింది. పశువుల డాక్టరు వచ్చి పిడుదుల జ్వరమని సూది వేశాడు. ఆవు బతికింది గానీ కడుపులో దూడ దక్కలేదు, పాలు ఎండాయి. మేపలేక దళారికి ఇచ్చేశాడు.

నెల తిరక్కుండా అదే ఆవు కదిరప్ప కొట్టంలో కనబడింది, రెండు పక్కలా నున్నగా.

"కటికోళ్ల లారీ ఎక్కుతాంటే చూళ్లేక కొన్నానన్నా," అన్నాడు కదిరప్ప.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా," అని తిప్పేస్వామి వెనక్కి తిరిగాడు.

అరవై రెండు వేలు పెట్టి కొన్న ఆవు. దళారి తన చేతిలో పెట్టింది పంతొమ్మిది వేలు. పోయింది నలభై మూడు వేలు.