గాలిరెక్క లేని పాటపెట్టె

ఆమె పాటపెట్టెను దవడ ఎముకకు ఆనించి కీ ఇచ్చింది. లోపల ముళ్ళున్న చిన్న పీపా తిరుగుతూ ఉక్కు దువ్వెన పళ్ళను ఒక్కొక్కటే మీటింది. నడుమ ఒక పన్ను పలకలేదు. విసుగ్గా ఆ పెట్టెను పక్కన పడేసింది. కార్ఖానాలో అందరూ ఆమెను పళ్ళ డాక్టరంటారు. ఆ మాటకు ఆమె నవ్వి చాలా కాలమైంది.

చెవులు ఎప్పుడో పోయాయి. వయసులో ఉండగా ఇదే కార్ఖానాలో, రేకులు కొట్టే ప్రెస్సు దగ్గర నిలబడి పోగొట్టుకుంది. మనుషుల మాటలు పెదవులు చూసి పోల్చుకుంటుంది. పెట్టెలు పరీక్షించే పనిలో మాత్రం ప్రతి పన్ను అదురూ దవడ ఎముకతో పట్టుకుంటుంది. మొగుడు పోయాక ఇల్లు గడిచిందన్నా, కూతురు చదువుకుందన్నా ఆ దవడ చలవే. ఆ గుట్టు ఒక్క మరిదికే తెలుసు. పని నేర్పుతూ తనే చెప్పింది.

కొత్తలో అతను కీ బిగించి ఉండగానే గాలిరెక్క ఊడదీశాడు. వేగాన్ని అదుపులో పెట్టేది ఆ రెక్కే. పీపా పిచ్చెత్తినట్టు గిర్రున తిరిగి పళ్ళన్నీ రాల్చేసింది. ఆ తప్పు ఆమె తన మీద వేసుకుంది. ఇప్పుడతను సూపర్‌వైజరు.

మధ్యాహ్నం వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"వదినా, రేపట్నుంచి ప్యాకింగ్‌లో కూర్చో. నీకు వినపడదని పైవాళ్ళకి తెలిసిపోయింది."

"తెలిసిపోయిందా, నువ్వు చెప్పావా?"

అతను ముఖం అటు తిప్పుకుని ఏదో అన్నాడు. అలా తిప్పుకుంటే ఆమెకు మాట అందదని అతనికి తెలియంది కాదు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంత అన్నం పెట్టి, చేతికి పని నేర్పి మనిషిని చేస్తే, ఆ చేత్తోనే కడుపు మీద కొట్టాడు. ఈ కుర్చీ తోడికోడలికేనని కార్ఖానా అంతా గుసగుసలాడుతోంది. ఆ గుసగుసలే ఆమెకు వినపడలేదు.

సాయంత్రం అందరూ లేచాక, ఒక్క పన్ను కూడా తప్పని పెట్టెను ఏరి తీసుకుంది. కీ చివరిదాకా తిప్పింది. చక్రాలు కదలకుండా సందులో అగ్గిపుల్ల దూర్చి, మరమేకు విప్పి గాలిరెక్క ఊడదీసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఏప్రాను మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుని, వస్తానని ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది. రేపు ప్యాకింగ్‌లోకీ రాదు.

మరిది బల్ల మీద పాటపెట్టె ఉంది, మూత తీసి, కీ నిండా బిగించి, చక్రాలకు అడ్డంగా ఒక్క అగ్గిపుల్లతో.